టర్బో రోటరీ కారుకు ఇగ్నిషన్ మార్చాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

మాజ్డా ఆర్‌ఎక్స్-7 లాంటి టర్బో రోటరీ కారుకు (పిస్టన్లకు బదులు మూడు ముఖాల రోటర్లు తిరిగే ఇంజన్ ఉన్నదానికి) బూస్టు, అంటే టర్బో లోపలికి నెట్టే గాలి అదనపు ఒత్తిడి, పెంచిన కొన్నాళ్లకు యజమానులు ఇగ్నిషన్ గురించి, అంటే నిప్పురవ్వతో మిశ్రమాన్ని మండించే ఏర్పాటు గురించి, దాదాపు ఒకే సందేహాలతో వస్తారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసి రాసి విసిగిపోయి అన్నీ ఒకచోట పెడుతున్నాను. వరసగా చదవనవసరం లేదు, మీ పని ఏ దశలో ఉందో నేరుగా అక్కడికి వెళ్లండి. ఇక్కడి లెక్కలు ఎక్కువగా 1991 నుంచి 2002 వరకు తయారైన మూడో తరం ఆర్‌ఎక్స్-7ను, అంటే ఎఫ్‌డీలోని 13బీ-ఆర్‌ఈడబ్ల్యూ ఇంజన్‌ను దృష్టిలో పెట్టుకుని వేసినవి.

## కొనడానికి ముందు: జబ్బు ఇదేనా?

బూస్టులో ఆరువేల ఆర్‌పీఎమ్ దాటగానే కారు దగ్గినట్టు కొట్టుకుంటోంది. ఇగ్నిషన్ లోపమేనా?

అయ్యే అవకాశం ఎక్కువే, కానీ తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. బూస్టును అతి తక్కువకు దించి అదే గేరులో, అదే ఆర్‌పీఎమ్ దాకా తీసుకెళ్లండి. సాఫీగా వెళ్లి, బూస్టు పెంచినప్పుడే కొట్టుకుంటే ముందు ఇగ్నిషన్‌నే అనుమానించాలి. ప్లగ్గు కొనల మధ్య గాలి ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ ఖాళీని దూకడానికి కావలసిన వోల్టేజీ దాదాపు అదే దామాషాలో పెరుగుతుంది. ఒక బార్ బూస్టు అంటే లోపలికి వచ్చే గాలి రెట్టింపు ఒత్తిడితో వస్తోందని అర్థం. మామూలుగా సులువుగా దూకే నిప్పురవ్వ అక్కడ తడబడుతుంది.

ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు) రక్షణ కోసం ఇంధనం ఆపితే దెబ్బ ఒక్కసారిగా, ప్రతిసారీ ఒకే చోట తగులుతుంది, గోడకు గుద్దుకున్నట్టు ఉంటుంది. ఇంధన పీడనం పడిపోతే కారు సాధారణంగా కొట్టుకోవడం కన్నా నీరసించిపోతుంది. ఇగ్నిషన్ లోపం మాత్రం చిరిగిన గుడ్డలా ఉంటుంది: ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ, ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

వైడ్‌బ్యాండ్ మీటరు లీన్ (గాలికి తగినంత పెట్రోలు లేదు) అని చూపిస్తోంది. పెట్రోలు పెంచితే సరిపోదా?

దయచేసి ఆగండి. నేను చూసిన పొరపాట్లలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఇదే. వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్రోలును కొలవదు, ఎగ్జాస్టులో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి మిశ్రమాన్ని లెక్కగడుతుంది. రవ్వ తప్పిన చాంబర్‌లో (మిశ్రమం మండే గదిలో) మంట లేదు కాబట్టి ఆక్సిజన్ ఖర్చు కాదు. అది అలాగే బయటికి వస్తుంది, మీటరు లీన్ అంటుంది. పెట్రోలు పోసేకొద్దీ అంటించాల్సిన మిశ్రమం ఇంకా బరువెక్కుతుంది, ఇంకా ఎక్కువ రవ్వలు తప్పుతాయి, మీటరు ఇంకా లీన్ అంటుంది. ఈ చక్రంలో పడి మ్యాప్ (ఈసీయూలోని ఇంధనం, రవ్వ సమయాల పట్టికలు) మొత్తం పాడుచేసుకున్నవారు ఉన్నారు.

ఈసీయూ రికార్డు చేసిన లాగ్ తెరిచి గీత ఆకారం చూడండి. నిజమైన లీన్ మెల్లగా ఎక్కి అక్కడే ఉంటుంది. మిస్‌ఫైర్ (రవ్వ తప్పడం) వల్ల వచ్చే లీన్ రంపపు పళ్లలా ఎగిరెగిరి పడుతుంది. అయితే ఇంధన పీడనం నిలకడగా ఉందని లాగ్‌లో చూడకుండా మిస్‌ఫైరే అని తీర్మానించవద్దు. నిజంగా లీన్ అయితే రోటరీ ఇంజన్ రెండో అవకాశం ఇవ్వదు.

కంపెనీ ఇచ్చిన ఇగ్నిషన్ అంత బలహీనమైనదా?

కాదు. 255 హార్స్‌పవర్‌తో విడుదల చేసిన కారుకు అది చక్కగా సరిపోయింది. ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో అర్థం కావాలంటే చిన్న లెక్క వేయాలి.

రోటరీలో ప్రతి రోటర్ ఎక్సెంట్రిక్ షాఫ్ట్ (పిస్టన్ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ లాంటిది) ఒక్కో చుట్టుకు ఒకసారి మండుతుంది. 8000 ఆర్‌పీఎమ్‌లో ఒక చుట్టు అంటే 7.5 మిల్లీసెకన్లు. ప్రతి రోటర్‌కు రెండు ప్లగ్గులు: ముందు వెలిగేది లీడింగ్, తర్వాత వెలిగేది ట్రెయిలింగ్. ఎఫ్‌డీలో రెండు లీడింగ్ ప్లగ్గులకూ కలిపి ఒకే కాయిల్ (రవ్వకు కావలసిన అధిక వోల్టేజీ పుట్టించేది) ఉంటుంది. రెండు రోటర్లలో దేని వంతు వచ్చినా రెండు ప్లగ్గులకూ రవ్వ వేస్తుంది, ఒకటి పనికొస్తుంది, రెండోది వృథా. అంటే ఆ కాయిల్ చుట్టుకు రెండుసార్లు పనిచేయాలి, దాని చేతిలో ఉన్నది 3.75 మిల్లీసెకన్లే. రవ్వ కాలడానికి ఒక మిల్లీసెకను తీసేస్తే మళ్లీ నిండడానికి మిగిలేది మూడు కూడా లేదు. కాయిల్ సాధారణంగా మూడు, నాలుగు మిల్లీసెకన్లు అడుగుతుంది.

కాయిల్‌లో దాగే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు సగమైతే శక్తి పావు వంతే. అందుకే కిందంతా బాగుండి పైన ఒక్కసారిగా చేతులెత్తేసినట్టు అనిపిస్తుంది. ట్రెయిలింగ్ ప్లగ్గులకు విడి కాయిల్స్ ఉన్నాయి కాబట్టి ఈ బాధ ముఖ్యంగా లీడింగ్‌దే.

పిస్టన్ ఇంజన్లకు లేని తంటా రోటరీకే ఎందుకు?

మొదటి కారణం సమయం. నాలుగు స్ట్రోకుల పిస్టన్ ఇంజన్‌లో ఒక ప్లగ్గు రెండు చుట్లకు ఒకసారి వెలుగుతుంది, రోటరీలో ప్రతి చుట్టుకూ. విడి కాయిల్ ఉన్నా దానికి దొరికే వ్యవధి పిస్టన్ ఇంజన్‌లో దొరికేదానిలో సగమే. రెండోది చాంబర్ ఆకారం. అది పొడవుగా, పల్చగా, కదులుతూ ఉంటుంది, గోడలు మంట వేడిని పీల్చేస్తాయి. మూడోది నూనె: ఎపెక్స్ సీళ్ల (రోటర్ మూలల్లో ఉండి చాంబర్‌ను మూసే పట్టీల) కోసం చాంబర్‌లోకి కావాలనే నూనె పంపుతారు, దాని మసి ప్లగ్గు మీద చేరుతుంది. పైగా సీళ్లను కాపాడుకోవడానికి బూస్టులో మిశ్రమాన్ని బాగా రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) పెడతారు. తడి కట్టెలను అగ్గిపుల్లతో అంటించడం లాంటిది ఈ పని.

రోటర్‌కు రెండు ప్లగ్గులు ఉన్నాయి కదా, ఒకటి తప్పినా రెండోది మండించదా?

మండిస్తుంది, కారు నడుస్తుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది, లోపం దాగిపోతుంది. కింద ఉండే లీడింగ్ ప్లగ్గు ముందు వెలిగి అసలు పని చేస్తుంది. పైనున్న ట్రెయిలింగ్ కాస్త ఆగి వెలిగి, మంట అందని వెనక భాగాన్ని అంటిస్తుంది. మంట రోటర్ తిరిగే దిశలో సులువుగా పాకుతుంది, ఎదురు దిశలో పాకదు. అందుకే ఆ రెండోది అవసరమైంది. 1991లో ల మాన్ 24 గంటల పందెం గెలిచిన మాజ్డా 787బీలోని ఆర్26బీ ఇంజన్‌కు రోటర్‌కు మూడు ప్లగ్గులు పెట్టారు.

ట్రెయిలింగ్ తప్పితే పవర్ కొంచెం తగ్గి ఎగ్జాస్టు వేడెక్కుతుంది. లీడింగ్ తప్పితే మంట ఆలస్యంగా మొదలై ఇంకా మండుతూనే టర్బోలోకి వెళ్తుంది.

కొత్త కాయిల్స్ పెడితే ఎంత హార్స్‌పవర్ పెరుగుతుంది?

మిస్‌ఫైర్ లేని ఇంజన్‌లో దాదాపు ఏమీ పెరగదు. అంటుకున్న మిశ్రమం అంటుకున్నట్టే, ఇంకా గట్టిగా అంటించడం అంటూ ఉండదు. ఇదివరకు రవ్వ తప్పుతుంటే పోయిన పవర్ తిరిగి వస్తుంది, అంతే.

## ఏది కొనాలి?

ముందు ఏది మార్చాలి: ప్లగ్గులా, వైర్లా, కాయిల్సా?

కొత్త ప్లగ్గులు, కొత్త ప్లగ్ వైర్లు, తర్వాత కాయిల్స్‌కు చేరే వోల్టేజీ, చివరికి కాయిల్స్. అందరూ ఈ వరసను తిరగేస్తారు, ఎందుకంటే కాయిల్స్ బానెట్ ఎత్తగానే కనబడతాయి, ఫోటోలో బాగుంటాయి. అరిగిన ప్లగ్గుకు కొత్త కాయిల్ తగిలిస్తే కొన్ని వారాలు బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది.

నాలుగు చోట్లా 9 నంబరు ప్లగ్గులే పెట్టమంటున్నారు. పెట్టాలా?

ఎఫ్‌డీకి కంపెనీ ఇచ్చినవి లీడింగ్‌లో ఎన్‌జీకే బీయూఆర్7ఈక్యూ, ట్రెయిలింగ్‌లో బీయూఆర్9ఈక్యూ. ఎన్‌జీకే లెక్కలో నంబరు పెరిగితే ప్లగ్గు చల్లనిది, అంటే తన వేడిని త్వరగా వదిలేస్తుంది. బూస్టు, పవర్ బాగా పెంచినప్పుడు 7 నంబరు కొన ఎర్రగా కాగి, రవ్వ రాకముందే మిశ్రమాన్ని అంటించే ప్రమాదం ఉంది. అది సీళ్లకు మరణశాసనం. అందుకే పవర్ పెంచిన కార్లలో నాలుగూ 9 నంబరువే పెట్టడం ఆనవాయితీ అయింది.

దానికి మూల్యం ఉంది. చల్లని ప్లగ్గు తన మసిని తాను కాల్చుకోలేదు. కారును రోజూ రెండు కిలోమీటర్లు నడిపి ఆపేసేవారికి అవి త్వరగా నల్లబడతాయి, చలిలో స్టార్ట్ మొరాయిస్తుంది. నా అభిప్రాయం: మామూలు బూస్టుకు దగ్గరలో ఉండి రోజువారీ వాడే కారుకు కంపెనీ జతనే ఉంచండి. ట్రాక్ మీదికి వెళ్లే కారుకు, ఒక బార్ దాటిన కారుకు నాలుగూ 9 పెట్టండి. 10, 11 నంబర్ల పందెపు ప్లగ్గులు పందేల కోసమే.

పిస్టన్ కార్ల ఇరిడియం ప్లగ్గు పెట్టవచ్చా? గ్యాప్ తగ్గిస్తే రవ్వ సులువుగా దూకుతుంది కదా?

పిస్టన్ కారు ప్లగ్గు పెట్టవద్దు. మర సరిపోయినా సరే. రోటరీ ప్లగ్గు కొన, రోటర్ చుట్టూ ఉండే హౌసింగ్ లోపలి గోడను దాటి బయటికి రాకూడదు. వస్తే మొదటి చుట్టులోనే ఎపెక్స్ సీల్ దాన్ని కొడుతుంది.

బూస్టు పెంచినప్పుడు గ్యాప్ తగ్గించడం పిస్టన్ కార్లలో మంచి చిట్కానే. బీయూఆర్ రకం ప్లగ్గులకు మాత్రం మధ్య ఎలక్ట్రోడ్ చుట్టూ పక్కల నుంచి నాలుగు ఎర్త్ కొనలు ఉంటాయి. వాటిని శ్రావణంతో వంచితే పింగాణీ పగులుతుంది, నాలుగు వైపులా దూరం సమంగా రాదు. డబ్బాలోంచి తీసినట్టే బిగించండి.

స్మార్ట్ కాయిల్ అంటే ఏమిటి? మామూలు కాయిల్‌తో తేడా?

కాయిల్‌కు వెళ్లే భారీ కరెంటును ఆన్, ఆఫ్ చేయడానికి ఒక స్విచ్చు కావాలి, దాన్ని ఇగ్నైటర్ అంటారు. మామూలు కాయిల్‌కు అది బయట విడిగా ఉంటుంది. స్మార్ట్ కాయిల్‌లో లోపలే ఉంటుంది, ఈసీయూ నుంచి చిన్న సంకేతం చాలు. వైరింగ్ సులువు, అందుకే ఇప్పుడు అందరూ వీటివైపే మొగ్గుతున్నారు. స్మార్ట్ కాయిల్‌ను పాత ఇగ్నైటర్ వెనకో, సీడీఐ (కెపాసిటర్‌తో రవ్వ వేసే) పెట్టె వెనకో కలపకూడదు. కలిపిన క్షణంలోనే పొగ చూస్తారు.

ఐజీఎన్-1ఏ మంచిదా, ఎల్‌ఎస్ కాయిల్స్ మంచివా?

రెండూ నడుస్తాయి. ఐజీఎన్-1ఏ అసలు పడవ ఇంజన్ల కోసం పుట్టిన కుటుంబానికి చెందింది. పెద్దది, బరువైనది, మూడు మిల్లీసెకన్లలోనే చాలా శక్తి నింపుకుంటుంది. సమయం తక్కువగా ఉన్న రోటరీకి ఈ గుణమే కావాలి. జనరల్ మోటార్స్ వీ8 ఇంజన్లకు వచ్చిన ఎల్‌ఎస్ కాయిల్స్ చిన్నవి, సులువుగా దొరుకుతాయి. వాటిలో ట్రక్కులకు వాడిన, వెనక లోహపు రెక్కలున్న రకం మెరుగు.

ఒక మోస్తరు బూస్టుకు మంచి ఎల్‌ఎస్ రకం చాలు. పవర్‌ను కంపెనీ అంకెకు రెట్టింపు చేయాలనుకుంటే, లేదా ఇథనాల్ ఎక్కువగా కలిసిన ఇంధనం వాడితే, మొదటే ఐజీఎన్-1ఏ తీసుకోవడం మేలు. పేరు ఏదైనా దానితో పాటు డ్వెల్ (కాయిల్‌ను నింపే సమయం) పట్టిక ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనకండి. పట్టిక లేని కాయిల్ కొలత తెలియని మందు లాంటిది.

పాతవాళ్లందరూ సీడీఐ పెట్టె పెట్టమంటున్నారు. ఇప్పటికీ పనికొస్తుందా?

పనికొస్తుంది. సీడీఐ ముందుగా కెపాసిటర్‌లో కొన్ని వందల వోల్టులు నింపుకుని ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతుంది. చాలా వేగంగా నిండుతుంది, ఆర్‌పీఎమ్ పెరిగినా నీరసించదు, నూనెతో మసిబారిన ప్లగ్గును కూడా వెలిగిస్తుంది. కంపెనీ కాయిల్స్‌ను ఉంచుకుని లీడింగ్‌కు మాత్రం ఎమ్‌ఎస్‌డీ 6ఏఎల్ లాంటి పెట్టె కలపడం ఎన్నో ఏళ్లు నడిచిన పద్ధతి. ఈసీయూ మార్చే ఉద్దేశం లేనివారికి ఇప్పటికీ తేలికైన దారి అదే.

బలహీనత ఏమిటంటే రవ్వ క్షణమాత్రమే ఉంటుంది. అందుకే వాటిలో తక్కువ వేగంలో ఒకదాని వెంట ఒకటి పలు రవ్వలు వేస్తారు, 3000 ఆర్‌పీఎమ్ దాటాక ఒక్కటే. విద్యుత్ రొద కూడా ఎక్కువ. కొత్త ఈసీయూ పెట్టేవారైతే స్మార్ట్ కాయిల్స్‌తో వెళ్లండి, పెట్టె ఒకటి తగ్గుతుంది.

నా పాత ఈసీయూతో నాలుగు విడి కాయిల్స్ నడపవచ్చా?

నడపవచ్చు, కానీ అసలు లాభం సగమే దక్కుతుంది. ఎఫ్‌డీ కంపెనీ ఈసీయూ, దాని స్థానంలో వచ్చిన పవర్ ఎఫ్‌సీ లాంటివి లీడింగ్‌కు ఒకే సంకేతం ఇస్తాయి. దాన్ని చీల్చి రెండు కాయిల్స్‌కు ఇస్తే రెండూ చుట్టుకు రెండేసిసార్లు వెలుగుతాయి. కాయిల్స్ రెండయ్యాయి గానీ సమయం ఇంకా 3.75 మిల్లీసెకన్లే. అందులో మూడు మిల్లీసెకన్లు నింపితే కాయిల్ 80 శాతం సేపు కరెంటు తాగుతూనే ఉంటుంది, కాగిపోతుంది. ఏ రోటర్‌కు ఆ రోటర్ సంకేతం విడిగా ఇచ్చే ఈసీయూ ఉంటే అదే మూడు మిల్లీసెకన్లు 40 శాతమే.

ట్రెయిలింగ్ ప్లగ్గులను మాత్రం ఎప్పుడూ ఈ వృథా రవ్వ పద్ధతిలో కలపవద్దు. తప్పు సమయంలో అక్కడ రవ్వ పడితే లోపలికి వస్తున్న తాజా మిశ్రమం అంటుకుంటుంది.

లావుపాటి ప్లగ్ వైర్లు కొంటే రవ్వ పెరుగుతుందా?

వైరు రవ్వను పెంచదు, దారిలో పోకుండా చూస్తుంది. లావు అనేది ఇన్సులేషన్‌కు సంబంధించింది. రెసిస్టెన్స్ లేని పందెపు వైర్లు మాత్రం కొనకండి, అవి రేడియో స్టేషన్‌లా రొద వెదజల్లి షాఫ్ట్ సెన్సర్ (షాఫ్ట్ స్థానాన్ని ఈసీయూకు చెప్పేది) సంకేతాన్ని చెడగొడతాయి.

## వైరింగ్, బిగింపు

కాయిల్స్‌కు కరెంటు పాత వైరు నుంచే తీసుకోవచ్చా?

తీసుకోవద్దు. ఒక ఎఫ్‌డీ పక్కన మల్టీమీటరుతో కూర్చున్న సాయంత్రం నాకు ఇంకా గుర్తుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. కాయిల్ కనెక్టర్ వెనక నుంచి సన్నటి సూది దూర్చి చూస్తే 11.9. రెండు వోల్టులకు పైగా దారిలో మాయం. వైరు వెంట వెతుక్కుంటూ వెళ్తే డాష్‌బోర్డు కింద, ఎప్పుడో అలారం బిగించినప్పుడు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టిన అతుకు దొరికింది. టేపు జిగురు కారి వేళ్లకు అంటుకుంది. లోపల రాగి పచ్చగా తుప్పుపట్టి, ఏడెనిమిది పోగులు మాత్రం మిగిలి ఉన్నాయి. అప్పటికే ఆ కారు యజమాని రెండు రకాల కాయిల్స్ కొని మార్చి చూశారు.

బ్యాటరీ నుంచి మందపాటి వైరు, దానికి బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, మధ్యలో రిలే, ఆ రిలేను నడపడానికి పాత ఇగ్నిషన్ వైరు: పద్ధతి ఇది. నాలుగు స్మార్ట్ కాయిల్స్‌కు సాధారణంగా 30 ఆంపియర్ల ఫ్యూజు, రిలే వాడతారు. వైరు మందం ఆ ఫ్యూజుకు తగినట్టు ఉండాలి. బిగించాక కొలవవలసింది కాయిల్ దగ్గర, ఇంజన్ నడుస్తుండగా. బ్యాటరీకి, కాయిల్‌కు తేడా అర వోల్టు దాటితే ఎక్కడో అతుకు బాగాలేదని అర్థం.

కాయిల్‌కు మూడు ఎర్త్ వైర్లు ఉన్నాయి. అన్నీ కలిపి ఒకచోట బిగిస్తే ఏమవుతుంది?

ఐజీఎన్-1ఏ రకంలో మూడూ మూడు పనులకు ఉన్నాయి. ఒకటి ఈసీయూ సంకేతానికి తోడు, అది ఈసీయూ ఎర్త్‌కే వెళ్లాలి. ఒకటి ప్లగ్గు దగ్గర దూకిన రవ్వ తిరిగొచ్చే దారి, అది ఇంజన్ లోహం మీదే బిగియాలి. ఇంకొకటి భారీ కరెంటుది, బ్యాటరీ నెగటివ్‌కు దగ్గరగా ఉండాలి. అన్నీ ముడివేసి ఒక బోల్టు కింద పెడితే, కాయిల్ రవ్వ వేసిన ప్రతిసారీ ఈసీయూ ఎర్త్ ఉలిక్కిపడుతుంది. సెన్సర్ల అంకెలన్నీ కలిసి వణుకుతాయి. బోల్టు కింద రంగు గీకి, మెరిసే లోహం కనబడ్డాకే బిగించండి.

కాయిల్స్ ఎక్కడ బిగిస్తే మంచిది?

రోటరీలో ఇన్‌టేక్, ఎగ్జాస్టు ఒక పక్క, ప్లగ్గులు ఇంకో పక్క ఉంటాయి. ప్లగ్గుల పక్కనే, వేడికి దూరంగా, వైరు పొట్టిగా వచ్చే చోటు చూసుకోండి. బ్రాకెట్ ఇంజన్‌కే ఉంటే ఎర్త్ దారి పొట్టిగా ఉంటుంది, వణుకు ఎక్కువ. బాడీకి ఉంటే వణుకు తక్కువ, కానీ ఇంజన్ ఊగినప్పుడు వైరు లాక్కుపోకుండా కొంచెం వదులు ఉంచాలి. కంపెనీ కాయిల్స్ ఉన్న చోటే, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దూర్చడం చక్కగా కనబడుతుంది గానీ, ఒక కనెక్టర్ తీయాలన్నా మానిఫోల్డ్ అంతా విప్పాలి. నాకు అందంకన్నా చేయి దూరడం ముఖ్యం.

వైర్లు తారుమారైతే ఏమవుతుంది?

ఏవి తారుమారయ్యాయో దాన్ని బట్టి. ఒకే కాయిల్ నుంచి వచ్చే కంపెనీ లీడింగ్ వైర్లు రెండూ మారినా ఏమీ కాదు, రెండిటికీ ఒకేసారి రవ్వ వస్తుంది. విడి కాయిల్స్ పెట్టి, విడి సంకేతాలతో నడిపితే లీడింగ్ మారినా ఇంజన్ సరిగా నడవదు. ట్రెయిలింగ్ మారితే అసలు ప్రమాదం. కారు స్టార్టవుతుంది, ఒక మాదిరిగా నడుస్తుంది కూడా, కానీ ట్రెయిలింగ్ రవ్వ సగం చుట్టు తేడాతో పడుతుంది. ఒకసారి నిద్ర కళ్లతో నేను ఈ తప్పు చేశాను. గ్యారేజీలో యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే తుపాకీ పేలినట్టు శబ్దం, థ్రాటిల్ దగ్గరి రబ్బరు గొట్టం ఊడి నేల మీద పడింది. బూస్టులో అయితే సీళ్లు పోయేవి.

వైర్లు విప్పకముందే ముందు రోటర్‌కు 1, వెనక రోటర్‌కు 2 అని, లీడింగ్, ట్రెయిలింగ్ అని రెండు చివర్లా చీటీ కట్టండి. లీడింగ్ కింద, ట్రెయిలింగ్ పైన.

ప్లగ్గు ఎంత గట్టిగా బిగించాలి?

హౌసింగ్ అల్యూమినియం, అందుకే ఇంజన్ చల్లారాకే పని. మొదటి చుట్లన్నీ చేత్తో తిప్పండి, చివరికి టార్క్ రెంచితో సర్వీసు మాన్యువల్‌లో మీ ఇంజన్‌కు ఇచ్చిన అంకె వరకు. ఒకసారి మర పోతే దాని మరమ్మతుకు ఇంజన్ దించాల్సి రావచ్చు.

## మొదటి స్టార్ట్, ట్యూనింగ్

డ్వెల్ ఎంత పెట్టాలి?

కాయిల్ తయారీదారు పట్టికలో ఉన్నంతే. డ్వెల్ అంటే రవ్వకు ముందు కాయిల్‌ను నింపే సమయం, అది వోల్టేజీతో మారుతుంది. 14 వోల్టుల దగ్గర మూడు మిల్లీసెకన్లు చాలిన కాయిల్‌కు స్టార్టర్ తిరుగుతున్నప్పుడు, వోల్టేజీ పదికి పడినప్పుడు, చాలా ఎక్కువ కావాలి. కాబట్టి ఒకే అంకె కాదు, వోల్టేజీ వారీగా పట్టిక నింపాలి.

రవ్వ తప్పుతోందని డ్వెల్ పెంచుకుంటూ పోకండి. కాయిల్ నిండాక అదనంగా వెళ్లేది వేడిగానే మారుతుంది. 8000 ఆర్‌పీఎమ్‌లో విడి కాయిల్‌కు 7.5 మిల్లీసెకన్లు ఉంటాయి. పట్టిక 40 శాతం మించవద్దంటే మూడు మిల్లీసెకన్లే మీ హద్దు, 9000 తిప్పాలనుకుంటే ఇంకా తక్కువ.

ఈసీయూలో ఇంకో అమరిక ఉంటుంది: సంకేతం ఎక్కేటప్పుడు కాయిల్ నిండాలా, దిగేటప్పుడా అనేది. దీన్ని తలకిందులుగా పెడితే తాళం తిప్పిన క్షణం నుంచి కాయిల్స్ కరెంటు తాగుతూ నిమిషాల్లో కాలిపోతాయి. మొదటిసారి తాళం తిప్పాక పది సెకన్లు ఆగి ఒక్కో కాయిల్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చబడుతుంటే వెంటనే ఆపేయండి.

టైమింగ్ లైట్‌తో చూడాలా? ఈసీయూ తెర మీద అంకె కనబడుతోంది కదా.

తప్పకుండా చూడాలి. టైమింగ్ అంటే రవ్వ పడే క్షణం, ఆ క్షణాన వెలిగే లైటు ఇది. తెర మీద అంకె ఈసీయూ నమ్మకం, పుల్లీ మీద గుర్తు నిజం. ఎఫ్‌డీ పుల్లీ మీద రెండు గుర్తులుంటాయి: లీడింగ్‌ది టాప్ డెడ్ సెంటర్ (చాంబర్ అతి చిన్నదయ్యే స్థానం) తర్వాత 5 డిగ్రీలు, ట్రెయిలింగ్‌ది 20 డిగ్రీలు. ఈసీయూలో టైమింగ్‌ను ఆ అంకెల దగ్గర స్థిరంగా బంధించి, లైట్ క్లిప్పును నాలుగు వైర్లకూ ఒక్కొక్కటిగా తగిలించి చూడండి. ఏదైనా వైరు దగ్గర లైటు వెలగకపోయినా, తడబడినా లోపం అక్కడే దొరికిపోతుంది. తర్వాత మూడు, నాలుగు వేల ఆర్‌పీఎమ్ వరకు మెల్లగా పెంచండి. బంధించిన గుర్తు కదలకూడదు. కదిలితే సెన్సర్ అమరికలోనో, ఈసీయూ ఆలస్యం లెక్కలోనో తప్పుంది, అది సరిచేయకుండా బూస్టు జోలికి వెళ్లవద్దు.

లీడింగ్, ట్రెయిలింగ్ మధ్య తేడా ఎంత ఉంచాలి?

ఈ తేడాను స్ప్లిట్ అంటారు. బూస్టులో 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంచడం జాగ్రత్తపరుల పద్ధతి. తగ్గించేకొద్దీ కొంచెం పవర్ వస్తుంది, నాక్ (మిశ్రమం దానంతటదే పేలడం) ప్రమాదం అంతకన్నా వేగంగా వస్తుంది. బలమైన కాయిల్స్ పెట్టాను కదా అని దీన్ని తగ్గించడానికి ఏ కారణమూ లేదు.

టైమింగ్ మార్చలేదు, కాయిల్సే మార్చాను. మ్యాప్ మళ్లీ ట్యూన్ చేయించాలా?

చేయించాలి. ఇదివరకు మిస్‌ఫైర్ వల్ల మీటరు అబద్ధం చెబుతుంటే, ఆ అబద్ధం మీద కట్టిన మ్యాప్ అది. ఇప్పుడు మిశ్రమం పూర్తిగా మండుతుంది, అంకెలు రిచ్‌వైపు జరుగుతాయి. మునుపు తప్పుతూ నడిచిన చోట ఇప్పుడు నిజమైన పీడనం పుడుతుంది, అక్కడ పెట్టిన టైమింగ్ ఎక్కువై ఉండవచ్చు. తక్కువ బూస్టుతో మొదలుపెట్టి లాగ్ చూసుకుంటూ ఎక్కండి. తొందరపడి పెట్రోలు తగ్గించవద్దు.

కొత్త కాయిల్స్ పెట్టాక ఈసీయూ సింక్ (షాఫ్ట్ స్థానం లెక్క) పోయిందంటోంది, టాకోమీటరు (ఆర్‌పీఎమ్ చూపేది) కూడా పిచ్చిగా ఊగుతోంది.

రెండూ ఒకే జబ్బు కాకపోవచ్చు. టాకోమీటరు పాత ఇగ్నైటర్ వైపు నుంచి సంకేతం తీసుకునేదైతే, దాన్ని తీసేశాక ఈసీయూలోని టాకో అవుట్‌పుట్ నుంచి ఇవ్వాలి. సింక్ పోవడం మాత్రం రొద వల్ల కావచ్చు. ఎక్సెంట్రిక్ షాఫ్ట్ సెన్సర్ వైరు ప్లగ్ వైర్ల పక్కనే వెళ్తోందేమో చూడండి. పక్కపక్కన కట్టిన వైర్లను విడదీయడంతోనే నయమైన కార్లు చూశాను. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి, సమాంతరంగా కాదు. సెన్సర్ వైరు తొడుగును ఈసీయూ వైపు ఒక్క చివరే ఎర్త్ చేయండి. ప్లగ్గు పేరులో ఆర్ అక్షరం లేకపోతే అందులో రెసిస్టర్ లేదు, రొద అక్కడి నుంచే రావచ్చు.

## వాడుకలో

ప్లగ్గులు ఎప్పుడు మార్చాలి?

బూస్టు పెంచిన కారుకు కంపెనీ చెప్పిన వ్యవధి వర్తించదు. ఇంజన్ ఆయిల్ రెండుసార్లు మార్చేసరికి ప్లగ్గులు ఒకసారి తీసి చూడటం నా అలవాటు. మధ్య ఎలక్ట్రోడ్ అంచులు పదునుగా ఉంటే తిరిగి పెట్టండి. గుండ్రంగా అరిగిపోతే మార్చండి, ఎందుకంటే రవ్వ పదునైన అంచు నుంచే సులువుగా దూకుతుంది.

తీసిన ప్లగ్గును చూసి ఏమి తెలుసుకోవచ్చు?

వరసగా నాలుగూ గుడ్డ మీద పెట్టి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకుని చూడండి. లేత గోధుమ, బూడిద రంగులు మంచివి. పొడి నల్ల మసి రిచ్ మిశ్రమానికో, చల్లని ప్లగ్గుకో గుర్తు. రోటరీ నూనెను తాగే ఇంజన్ కాబట్టి కొంత మసికి బెంగపడవద్దు. నాలుగిట్లో ఒక్కటే తడిగా, పెట్రోలు వాసన వస్తుంటే ఆ కాయిల్, ఆ వైరు చూడండి. కాయిల్‌ను పక్కదానితో మార్చి, తడి కూడా వెంట వెళ్తే కాయిల్ పోయినట్టే. పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు చుక్కలో, మెరిసే అల్యూమినియం పూసలో కనిపిస్తే అది ఇగ్నిషన్ సంగతి కాదు, నాక్. ఆ రోజు నుంచి బూస్టు ఆపండి.

ప్లగ్గును బయటికి తీసి రవ్వ చూశాను, నీలంగా గట్టిగా ఉంది. ఇంకేమి అనుమానం?

బయటి గాలిలో ఒత్తిడి చాలా తక్కువ. చాంబర్‌లో బూస్టుతో నొక్కిన గాలిలో దూకడానికి కావలసిన వోల్టేజీ దానికి ఎన్నో రెట్లు. బయట కనబడిన నీలి రవ్వ కాయిల్ బతికి ఉందని చెబుతుంది, బలంగా ఉందని కాదు. ఇంతకన్నా పనికొచ్చే పరీక్ష: రాత్రి దీపాలార్పి, ఇంజన్ నడుస్తుండగా వైర్ల పక్కన సన్నగా నీళ్లు పిచికారీ చేయండి. వైరు తొడుగు చీలినచోట సన్నటి నీలి దారం ఇంజన్ మీదికి పాకుతూ కనబడుతుంది. చేతులు మాత్రం దూరంగా ఉంచండి, అక్కడ పదుల వేల వోల్టులు ఉంటాయి.

అన్నీ మార్చాను. అయినా పైన కొట్టుకుంటోంది.

అయితే ఇక ఇగ్నిషన్ భాగాలు కొనడం ఆపండి. బూస్టులో కాయిల్ దగ్గరి వోల్టేజీ, ఇంధన పీడనం, షాఫ్ట్ సెన్సర్ తప్పుల లెక్క: ఈ మూడూ ఒకే లాగ్‌లో పక్కపక్కన పెట్టి, కారు కొట్టుకున్న క్షణంలో ఏ గీత కదిలిందో చూడండి. వోల్టేజీ పడితే ఆల్టర్నేటర్ బెల్టు జారుతోందేమో. పీడనం పడితే పంపు, ఫిల్టరు. సెన్సర్ తప్పులు పెరిగితే సెన్సర్‌కు, పళ్ల చక్రానికి మధ్య ఖాళీ కొలవండి. మూడూ కదలకపోతే రోటరీకి సరిపడే మీటరుతో, మూడు ముఖాలకూ విడివిడిగా అంకె చూపించేదానితో, కంప్రెషన్ పరీక్ష చేయించండి. మూడిట్లో ఒక్క ముఖం అంకె తగ్గి ఉంటే కాయిల్ చేయగలిగింది ఏమీ లేదు, ఇంజన్ విప్పాల్సిందే.